మన తేనెటీగల చలికాలం ఎండల్లో వస్తుంది

పెరట్లో తేనెపెట్టె పెట్టుకున్న మొదటి డిసెంబరులో నేనొక తెలివితక్కువ పని చేశాను. ఫోన్‌లో వరసగా వీడియోలు చూశాను. అందరిదీ ఒకటే మాట: చలికాలం వస్తోంది, పెట్టెకు గోనెసంచి చుట్టండి, వాకిలి చిన్నది చెయ్యండి, చక్కెర పాకం పెట్టండి. సరేనని సెనక్కాయల (వేరుశనగ) గోతం ఒకటి విప్పి పెట్టె చుట్టూ కట్టాను. ఈగలు వచ్చిపోయే సందును వేలెడంత వదిలి మిగతాది చెక్కతో మూశాను. రెండు కిలోల చక్కెర కరిగించి లోపల పెట్టాను. పది రోజులు పోయాక ఒక మధ్యాహ్నం చూస్తే ఈగలు పెట్టె బయట గుత్తులుగా వేలాడుతున్నాయి. ఇంకో వారానికి సగం గుంపు లేచిపోయి వెనక వీధి కానుగ చెట్టెక్కింది. సాయంత్రానికి అక్కడా లేదు.

మా పెద్దమ్మ ఆ గోతం చూసి, “ఏమ్రా, ఈగలకు కంబళి కప్పితివా? మధ్యాన్నం అయితే మనమే ఫ్యాను ఏసుకోని కూచుంటాండామే!” అంది.

ఆ వీడియోల్లో చెప్పింది తప్పు కాదు. పంజాబ్‌లో జనవరి రాత్రులు ఒక్కోసారి 5 డిగ్రీల కిందికి దిగుతాయి, పొగమంచు రోజుల తరబడి వదలదు. ఐరోపా దేశాల్లో, అమెరికా ఉత్తరాన అయితే నెలల తరబడి నేల గడ్డకట్టి ఉంటుంది, పువ్వన్నది కనపడదు. అక్కడ పెట్టెకు దుప్పటి కప్పడం, తిండి నిలవ చెయ్యడం చావుబతుకుల సమస్య. మా అనంతపురంలో డిసెంబరు పగలు 29, 30 డిగ్రీలు ఉంటుంది. తెల్లవారుజామున 17 అటూఇటూ, బాగా చలి పడిన నాలుగు రోజులు 12, 13. కర్నూలు దాదాపు ఇంతే, కడప కాస్త వెచ్చన. ఇంతమాత్రానికే మనం స్వెట్టర్లు, మంకీ క్యాపులు తీస్తామనుకోండి, అది వేరే సంగతి.

చిక్కు ఎక్కడుందంటే, చలికాలం అనే ఒక్క మాటలో రెండు కష్టాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి చలి, రెండోది ఆకలి. మంచు కురిసే దేశాల్లో రెండూ ఒకేసారి వస్తాయి కాబట్టి అక్కడివాళ్లు వాటిని విడదీసి చూడాల్సిన పని లేదు. మన సీమలో అవి విడివిడిగా వస్తాయి. చలి కార్తీకం నుంచి మాఘం దాకా. ఆకలి వైశాఖం నుంచి శ్రావణం దాకా. చలినాటి మందు వేరు, ఆకలినాటి మందు వేరు. నేను ఆకలి మందు తెచ్చి పంటకాలంలో పోశాను.

ఈగ ఒంట్లో పొయ్యి

ముందు చలి సంగతి చూద్దాం. ఒంటరి ఈగకు తన వేడి నిలుపుకునే శక్తి లేదు. 10 డిగ్రీల దగ్గర వదిలేస్తే కాళ్లు కొంకర్లు పోయి కింద పడిపోతుంది. గుంపులో ఉంటే కథ మారిపోతుంది. గుడ్లు, పిల్లపురుగులు ఉన్న పట్టు నడిమధ్య ఎప్పుడూ 34, 35 డిగ్రీలు ఉండాలి. బయట 15 ఉన్నా అంతే, 42 ఉన్నా అంతే. దాన్ని అలా నిలబెట్టడమే కూలి ఈగలకు పెద్ద పని. రెక్కలు కదలకుండా పట్టి ఉంచి, రెక్కల్ని ఆడించే కండరాలను మాత్రం వణికిస్తాయి. చలికి మనం వణికినట్టే, కాకపోతే ఆ వణుకు కంటికి కనపడదు. ఆ పొయ్యిలో కాలే కట్టె తేనె.

ఈ పొయ్యి ఎంత గట్టిదో తెలియాలంటే కందిరీగ వచ్చినప్పుడు చూడాలి. పెద్ద కందిరీగ పెట్టె వాకిట్లో వాలిందంటే మన పుట్టతేనెటీగలు (పెట్టెల్లో పెంచే నాటు రకం) కుట్టడానికి పోవు, దాని పెంకు మీద కొండి దిగదు. ఒక్కసారిగా వందల కొద్దీ మీదపడి ముద్దలా కమ్మేస్తాయి. అందరూ కలిసి కండరాలు వణికిస్తే ముద్ద మధ్యలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. కందిరీగ ఆ వేడికి తట్టుకోలేక చస్తుంది, ఈగలు ఇంకాస్త ఎక్కువ తట్టుకోగలవు కాబట్టి బతుకుతాయి. ఇలాంటి పొయ్యి ఉన్నవాటికి మన 17 డిగ్రీల తెల్లవారుజాము ఒక లెక్క కాదు. చల్లని దేశాల్లో ఈగలు బంతిలా గట్టిగా చుట్టుకుని కూర్చుంటాయని చదువుతుంటాం. బయట దాదాపు 14 కిందికి దిగి, అలాగే నిలిచిపోతే తప్ప ఆ అవసరం రాదు. మన దగ్గర అది ఏడాదికి కొన్ని రాత్రులే, అదీ పొద్దెక్కేదాకా.

జనవరి తెల్లవారుజామున పెట్టె మూత నెమ్మదిగా ఎత్తి, ఈగలు పట్టు కట్టే చట్రాల మీద కప్పిన గుడ్డపై అరచెయ్యి ఆనించి చూడండి. ఒక మూల చల్లగా, ఒకచోట గోరువెచ్చగా తగులుతుంది. ఎక్కడ వెచ్చగా ఉందో దాని కింద పిల్ల ఉంది. పెట్టె విప్పి చట్రాలు లాగకుండానే రాణి పనిచేస్తోందని తెలిసిపోతుంది. నాకు తెలిసి చలికాలంలో చెయ్యదగ్గ తనిఖీల్లో ఇదే నాణ్యమైనది. చట్రం బయటికి తీసి గాలికి పట్టుకుని ఫోటోలు తీసుకుంటే పిల్ల చల్లబడుతుంది. తీయక తప్పదనుకుంటే పదకొండు దాటాక, ఎండ ముదిరాక తీయాలి.

మరి చలికని అసలేమీ చెయ్యక్కర్లేదా అంటే, ఎండ చూసుకోవాలి. అనంతపురం దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో నడినెత్తికి రావాల్సిన పొద్దు దక్షిణానికి వాలి 52 డిగ్రీల ఎత్తు దాకా వచ్చి దిగిపోతుంది. కాబట్టి ఇంటికి ఉత్తరాన ఉన్న పెరడు, మిద్దె మీద దక్షిణపు పిట్టగోడ పక్కన పెట్టిన కుండీలు చలికాలమంతా నీడలోనే ఉంటాయి. పెట్టె వాకిలి తూర్పుకో ఆగ్నేయానికో తిరిగి ఉంటే పొద్దున్నే ఎండ తగిలి ఈగలు తొందరగా పనికి లేస్తాయి. అయితే నీడలో ఉందని పెట్టెను ఒక్కరోజులో అటునుంచి ఇటు మార్చేయకండి. బయటికెళ్లిన ఈగలు పాత చోటికే తిరిగొచ్చి ఖాళీ నేల మీద తిరుగుతూ చస్తాయి. తేనెపెట్టెలు పెట్టేవాళ్లలో ఒక మోటు లెక్క ఉంది: కదిపితే మూడడుగులు, లేకపోతే మూడు కిలోమీటర్లు. రోజుకు కాస్త చొప్పున జరుపుకుంటూ పోవాలి.

చలి కన్నా ముసురు ప్రమాదం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు. 2020 నవంబరు చివర నివర్ తుపాను రాయలసీమను ముంచింది. మరుసటి ఏడు 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ స్థాయిలో కాకపోయినా, నాలుగు రోజులు వాన విడవకపోతే ఈగలు బయటికి రాలేవు, ఉన్న తేనె తింటూ కూర్చుంటాయి. అప్పుడే పెట్టిన చిన్న గుంపైతే నిలవ అయిపోతుంది. చలికాలంలో చక్కెర పాకానికి న్యాయంగా చోటున్నది ఇక్కడొక్కటే. అదీ ముసురు వదిలేదాకే. పెట్టె ముందుకు కాస్త వాలేట్టు వెనక కాళ్ల కింద పలక ముక్క పెడితే నీళ్లు లోపల నిలవవు.

చూపు మేర పచ్చగా ఉన్నా

ఇక ఆకలి సంగతి. ఈగకు రెండు రకాల తిండి కావాలి: ఒంటికి శక్తినిచ్చే మకరందం, పిల్లకు పెట్టే పుప్పొడి. రెండూ పూల నుంచే. కాబట్టి మీ ఊరి చుట్టూ ఎప్పుడు ఏం పూస్తుందో అదే ఈగల పంచాంగం.

మా వైపు సెనక్కాయ చేలల్లో కంది సాళ్లు వేస్తారు. కార్తీకం నాటికి సెనక్కాయ పెరికేస్తారు, కంది మాత్రం సాళ్లు సాళ్లుగా నిలబడి ఉంటుంది. చేను బోడిగా అయిపోయిందని మనకనిపిస్తుంది గానీ ఆ కంది అప్పుడే పసుపు పూత మీద ఉంటుంది. గట్ల మీద ఆముదం పుప్పొడి ఇస్తుంది. నల్లరేగడి పొలాల్లో ధనియాలు వేస్తే డిసెంబరు, జనవరిలో తెల్లగా పూస్తాయి, అవంటే ఈగలు పడి చస్తాయి. పొద్దుతిరుగుడు ఉన్నచోట ఇద్దరికీ లాభమే. దాని పువ్వు తన పుప్పొడితో తాను సరిగ్గా గింజ కట్టదు, ఈగలు తగ్గితే తాలు గింజలు ఎక్కువవుతాయి. ఈగలు లేనిచోట పొద్దున పూట తల తలనీ మెత్తటి గుడ్డతో రుద్దమని రైతులకు చెబుతారు. పది తలలు రుద్ది చూడండి, ఈగ జీతం ఎంతో అర్థమవుతుంది.

అన్ని పచ్చదనాలూ తిండి కావు. ఉరవకొండ, తాడిపత్రి నుంచి నంద్యాల దాకా నల్లనేలల్లో చలికాలమంతా శనగే. ఆ పువ్వు విచ్చుకోకముందే లోపల పని ముగించుకుంటుంది, ఈగకు పిలుపు లేదు. చూపు మేర పచ్చగా ఉన్నా ఈగ కంటికి అది ఎడారే. పెట్టె ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే నేను మొదట అడిగేది చుట్టూ కిలోమీటరులో ఏం వేశారని. మన పుట్టతేనెటీగ మామూలుగా అంత దూరంలోనే తిరుగుతుంది. ఐరోపా ఈగ మూడు కిలోమీటర్ల దాకా పోతుంది.

సంక్రాంతి దాటాక మునగ పూస్తుంది, మామిడి పూత నిండుగా ఉంటుంది. మామిడికి తేనెటీగల కన్నా ఇళ్లలో ముసిరే మామూలు ఈగల్లాంటివే ఎక్కువ పనిచేస్తాయి, తేనెటీగలు ఏదో వచ్చిపోతుంటాయి. ఇక చివర్లో చీనీ, అంటే బత్తాయి వస్తుంది. గార్లదిన్నె, నార్పల, పుట్లూరు వైపు చీనీ తోటలకు చలికాలంలో నీళ్లు ఆపేసి బెట్టకు పెడతారు. నేలను బట్టి నెల, నెలన్నర చెట్టును ఎండగడతారు. ఆకు వాడుముఖం పట్టాక పాదులు తవ్వి, ఎరువేసి, నీళ్లు వదులుతారు. ఆకలిగొన్న చెట్టు ఒక్కసారిగా పూస్తుంది. జనవరి చివర, ఫిబ్రవరిలో ఆ తోట పక్కన బండి ఆపితే వాసనకు అడుగు ముందుకు పడదు. కాయ నిలవడానికి చీనీ ఈగల మీదే పూర్తిగా ఆధారపడదు, ఈగలకు మాత్రం ఆ పూత పెళ్లిభోజనం.

వేప, కానుగ వేసవి మొదట్లో పూస్తాయి. అక్కడితో పండగ అయిపోతుంది. మేలో 40 దాటే ఎండలు. కూలి ఈగల్లో చాలా భాగం తిండి మాని నీళ్లు మోస్తాయి, ఆ నీటిని పట్టు మీద పూసి రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. ఇందులో ఒక ముచ్చట: ఐరోపా ఈగ తల గూటి వైపు పెట్టి విసురుతుంది, మన పుట్టతేనెటీగ తల బయటికి పెట్టి గాలిని లోపలికి తోస్తుంది. రెండు రకాలూ పెంచేవాళ్లు వాకిట్లో ఈగల వరస చూసి ఏ పెట్టె ఏదో చెప్పగలరు. జూన్ నుంచి గాలి. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. చింతపూత కొంత ఆదుకుంటుంది గానీ, విత్తనం పడి, మొలిచి, పూతకొచ్చేదాకా చేలు ఈగలకు అక్కరకు రావు. రాణి గుడ్లు తగ్గిస్తుంది, చిక్కిపోయిన గుంపు మీద మైనపు పురుగు పడుతుంది, చివరికి ఒక ఉదయం పెట్టె ఖాళీ. చల్లని దేశాల్లో జనవరిలో జరిగే చావు మనకు జులైలో జరుగుతుంది.

ఇప్పుడు నా గోతం కథ అర్థమయ్యే ఉంటుంది. బయట కంది పూతలో ఉంది, ధనియాలు పూతకొస్తున్నాయి, లోపలికి తేనె వస్తూనే ఉంది. దాని మీద నేను రెండు కిలోల చక్కెర పోశాను. అవి దాన్ని కూడా అరల్లో నింపుకున్నాయి. రాణికి గుడ్డు పెట్టే చోటు లేదు, గోతం వల్ల మధ్యాహ్నం ఉడుకు, వాకిలి ఇరుకు. సంసారం పెద్దదై ఇల్లు చిన్నదైతే ఏం చేస్తారో అదే చేశాయి. వేరుపడ్డాయి. మిగిలిన తేనె కూడా నా చక్కెర కలిసి పాడైంది. పూత కాలంలో పాకం పోస్తే మన తేనెను మనమే కల్తీ చేసుకున్నట్టు.

చలికాలంలో గుంపు చీలడం తప్పు కాదు, పిల్ల బాగా ఉన్నదానికి గుర్తు. ముందే తెలుసుకోవాలంటే పట్టు కింది అంచులు చూడాలి. వేరుశనగ కాయలా వేలాడే గది కనపడితే అది కొత్త రాణిది. దానికన్నా ముందు పోతు ఈగల గదులు పెరుగుతాయి, పుట్టతేనెటీగలో వాటి మూత మధ్య సూదితో పొడిచినట్టు ఒక చిన్న బెజ్జం ఉంటుంది. అది కనపడితే రెండో పెట్టె సిద్ధం చేసుకోవడమే. కొత్త గుంపు కొనాలనుకునేవాళ్లకు ఒక మాట: 1991, 92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిలో పుట్టతేనెటీగల్ని తుడిచిపెట్టినంత పని చేసింది. పిల్లపురుగు నీళ్ల సంచిలా ఉబ్బి చస్తుంది. అది ఇంకా పోలేదు. ఎక్కడినుంచో చవగ్గా వస్తుందని తెచ్చుకునే పెట్టె కన్నా సొంత గుంపును రెండు చేసుకోవడం మేలు.

పెరటికి పొద్దే గడియారం

మొక్కల దగ్గర కూడా ఇదే పొరపాటు. చలికాలపు తోట అనగానే మంచు నుంచి కాపాడుకోవడం అని చదువుతాం. మన దగ్గర మంచు గడ్డకట్టదు. మన పెరటిని నడిపేది పొద్దు పొడవు, రాత్రి చల్లదనం. మార్గశిరంలో మాట్లాడే పొద్దుండదు, పుష్యంలో పూసలు గుచ్చే పొద్దుండదు అంటారు. మా అక్షాంశంలో జూన్ పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరు పగలు 11 గంటలు దాటి పావు. మనిషికి పెద్ద తేడా కాదు. మొక్కకు అది శాసనం.

అనపకాయ (సొరకాయ కాదు, అనుములు), చిక్కుడు జూన్‌లో నాటినా ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతాయే తప్ప పూయవు. పాత రకాలన్నీ పొద్దు తగ్గేదాకా ఆగుతాయి. తగ్గిందని తెలిశాక ఒక్కసారిగా పూతకొచ్చి, పండగకు పితికిన పప్పు చేతికిస్తాయి. నానబెట్టిన గింజను వేళ్ల మధ్య పితికి తోలు ఊడదీసే ఆ పని ఇంటిల్లిపాదీ ముందర కూర్చుని చేస్తే గానీ తెమలదు. చామంతి కూడా ఇదే గడియారం చూసుకుంటుంది. గోంగూరది కూడా అదే తీరు, కాకపోతే మనకు నష్టంగా. కార్తీకంలో విత్తితే జానెడు పెరగకముందే పూతకొచ్చి నార పడుతుంది. “గోంగూర సరిగ్గా రావట్లేదు, ఎరువు చాల్లేదేమో” అని అడిగేవాళ్లకు చెప్పేదొక్కటే: ఎరువు తప్పు కాదు, పొద్దుది. చలికాలానికి పాలకూర, మెంతికూర, ముల్లంగి వేసుకోండి, గోంగూర ఉగాది తర్వాత.

టమాటా గడియారం వేరు, అది రాత్రి చల్లదనం చూస్తుంది. రాత్రి 15, 20 డిగ్రీల మధ్య ఉంటే పూత కాయగా నిలుస్తుంది, బాగా వేడెక్కితే రాలిపోతుంది. అందుకే మన పెరటి టమాటా సంక్రాంతికి విరగకాసి ఏప్రిల్‌కు చేతులెత్తేస్తుంది.

తేనెపెట్టె పెట్టగానే పెరడంతా కాస్తుందని అనుకోవడం ఇంకో భ్రమ. టమాటా, వంగ పువ్వుల్లో పుప్పొడి సన్న గొట్టాల్లో ఉంటుంది. పువ్వును పట్టుకుని గట్టిగా ఝుమ్మని అదిరిస్తే తప్ప సరిగ్గా రాలదు. తేనెటీగకు ఆ విద్య రాదు. నల్లటి పెద్ద తుమ్మెదకు వచ్చు. మీ పెరట్లో ఎండిన వెదురు బొంగో, పాత దూలమో ఉంటే తీసి పారేయకండి, తుమ్మెద అందులోనే కాపురం పెడుతుంది. బీర, సొర, పొట్ల పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. ఈగలు ఇల్లు చేరే వేళకు అవి కళ్లు తెరుస్తాయి. అక్కడ పని చేసేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. అవి లేకపోతే మనమే. దీపాలు పెట్టే వేళకు మిద్దె ఎక్కి, మగపువ్వు తెంచి రేకులు వలిచి ఆడపువ్వు మధ్యలో అద్దితే చాలు. ఆడపువ్వు కింద వేలెడంత పిందె ముందే ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడ. ఈ తీగల్లో చాలావాటికి పొద్దు తగ్గి రాత్రి చల్లబడినప్పుడు ఆడపూలు ఎక్కువ వస్తాయి, వేసవిలో అన్నీ మగపూలే అని విసుక్కున్నవాళ్లకు ఇది చల్లని కబురు.

దోస, కాకర, గుమ్మడి మాత్రం ఈగల సొత్తు, పొద్దున్నే విచ్చుకుంటాయి. గుమ్మడి పువ్వు తెల్లవారకముందే తెరిచి పది, పదకొండుకల్లా ముడుచుకుంటుంది. మామూలు రోజున ఈగలు ఏడింటికే అందులో దొర్లుతుంటాయి. ఒళ్లంతా పసుపు పూసుకున్న పేరంటాళ్లలా బయటికొస్తాయి. దట్టంగా మంచు పట్టిన రోజున తొమ్మిదైనా పెట్టె కదలదు, ఈగలు లేచేదానికీ పువ్వు ముడుచుకునేదానికీ మధ్య పెద్దగా వేళ మిగలదు. ఆ వారం పిందెలు పసుపుబారి రాలితే నీళ్లనూ ఎరువునూ తిట్టుకోవద్దు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదికి గుమ్మడి పూలు కావాలి కదా. పిల్లల్ని పంపితే చేతికందింది తెంపుతారు, పిందెతో సహా. కాడపూలు చూపించి, అవి కూడా రెండు మూడు వదిలి కొయ్యమని చెప్పి పంపుతాను. చెప్పినట్టు వింటారని కాదు.

ఈగల కోసం నేను ప్రత్యేకంగా చేసేది ఒక్కటే. కొత్తిమీర మడిలో సగం కొయ్యకుండా వదిలేస్తాను. రెండు నెలలు తిరగకముందే అది పూతకొస్తుంది. తులసి, బంతి ఎలాగూ ఉంటాయి. రెండు ముల్లంగులు పీకకుండా ఉంచితే లేత వంగపండు రంగులో పూస్తాయి. పల్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పెడితే కుళాయి చుట్టూ మూగవు.

మందు కొట్టే వేళ

చలికాలంలో పెరటికి వచ్చే జబ్బులు రెండే అనొచ్చు. చిక్కుడు, అనప కొసల మీద నల్లగా పేనుబంక. గుమ్మడి, దోస ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు. పేనుబంకకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నురగ. బూడిద పట్టిందని గుమ్మడి, దోసలకు గంధకం మాత్రం కొట్టకండి, ఆకు మాడుతుంది. మందు ఏదైనా, వేపనూనైనా సరే, ఈగలు ఇంటికి చేరాక సాయంత్రమే.

పెరటి మందు చిన్న టెన్షన్. పొరుగు తోట మందే పెద్దది. మామిడి పూతను పీల్చే పురుగుకు మన రైతులు పెట్టుకున్న పేరు తేనెమంచు పురుగు, అది విసర్జించే జిగురు ఆకుల మీద తేనెలా మెరుస్తుంది కాబట్టి. దానికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు మొక్క ఒంట్లోకి ఎక్కుతుంది, పువ్వులోకీ వస్తుంది. పూమొగ్గ కనపడుతున్నప్పుడే, విచ్చుకోకముందు కొడితే పురుగుకు దెబ్బ, ఈగలకు ముప్పు కాస్త తగ్గుతుంది. నిండు పూతలో పట్టపగలు కొడితే మరునాడు పెట్టె ముందు ఈగలు వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతుంటాయి. ఆ దృశ్యం నేనొకసారి చూశాను. తోటాయన మంచివాడే, ముందురోజు చెప్పమని అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు ప్రతి పుష్యంలో అరకిలో తేనె సీసా పట్టుకెళ్లి పలకరించి వస్తాను. మందు కొట్టే రోజు ఫోన్ వస్తుంది, ఆ పూట వాకిలికి తడిగుడ్డ అడ్డం పెడతాను, లోపలికి గాలి ఆడేట్టు.

గడ్డకట్టిన తేనె

ఆ సీసాతోనే ఇంకో తగాదా మొదలవుతుంది. జనవరిలో తేనె అడుగున తెల్లగా, రవ్వలా పేరుకుంటుంది. “చక్కెర కలిపినట్టున్నావే” అంటారు. మాటకు మాట చెప్పుకునే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. తేనెలో ముఖ్యంగా రెండు చక్కెరలు, గ్లూకోజు, ఫ్రక్టోజు. గ్లూకోజు నీటిలో తక్కువ కరుగుతుంది, పాళ్లు ఎక్కువైతే బయటపడి స్ఫటికాలు కడుతుంది. ఆ పాళ్లు ఏ పూల తేనె అన్నదాన్ని బట్టి మారతాయి. పొద్దుతిరుగుడు తేనె తొందరగా కడుతుంది. 14 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా వేగంగా కడుతుంది, అందుకే మన చలి వారాల్లో ఈ ఫిర్యాదు. కట్టడం కల్తీకి గుర్తు కాదు, కట్టకపోవడం స్వచ్ఛతకూ గుర్తు కాదు. నీళ్లలో బొట్టు వేసి చూడడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, కుక్క ముట్టదనడం, ఏదీ పరీక్ష కాదు. కరగాలంటే సీసాను చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో గంటసేపు ఉంచండి. పొయ్యి మీద కాస్తే తేనె పోయి పాకం మిగులుతుంది.

నిజంగా చూసుకోవాల్సింది తేమ. ఈగలు పల్చటి మకరందాన్ని విసిరి విసిరి నీళ్లు ఇగిర్చి, చిక్కబడ్డాక మైనంతో మూత వేస్తాయి. మూత వేయని అరల నుంచి తీస్తే నీళ్లెక్కువై పులుస్తుంది. అమ్మే తేనెలో తేమ 20 శాతం దాటకూడదని మన దేశపు ప్రమాణం. పట్టులో ముప్పాతిక మూతలు పడ్డాకే నేను చెయ్యి పెడతాను.

ఎంత తీయాలన్నది అసలైన లెక్క. పుట్టతేనెటీగ పెట్టె ఏడాదికి ఇచ్చేది ఐదారు కిలోలు, మంచి ఏడు ఇంకొంచెం. ఫిబ్రవరిలో పెట్టె పై అంతస్తు తేనెతో బరువుగా నిండి ఉన్నప్పుడు ఆశ ఆపుకోవడం కష్టం. ఆ తేనె ఎవరిదని ఆలోచిస్తే అది వాటి జులై. కింది పిల్లగదిలో పైన అంచులకు ఉన్న తేనె ముట్టను, పై అంతస్తులో రెండు చట్రాలు వదిలేస్తాను. తేనె అయిపోయాక పాకం పోసి బతికించొచ్చు, పోస్తాను కూడా. చక్కెర తిన్న గుంపుకూ తేనె తిన్న గుంపుకూ వానాకాలం చివర తేడా కనపడుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. ఆ వారంలో చీనీ తేనె తీసి, వాకిలి పూర్తిగా తెరిచి, పెట్టెను రోజుకు అడుగు చొప్పున వేపచెట్టు నీడకు జరుపుతాను. మొదటి ఏడు చుట్టిన గోతం ఇంకా నా దగ్గరే ఉంది. ఏప్రిల్ చివర పెట్టె మీద నాలుగు గుంజలు పాతి చిన్న పందిరి వేస్తాను. దాని మీద ఆ గోతం పరిచి, మధ్యాహ్నం రెండుసార్లు బిందెడు నీళ్లతో తడుపుతాను.